సిడి8 టి-కణాలకే చేరే లెంటివైరస్: కొక్కెం తగిలిస్తే సరిపోదు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. తిరుపతిలో ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం, చేతిలో ఆరు నెలలు. కణాన్ని పచ్చగా మెరిపించే జిఎఫ్‌పి జన్యువును, పైన సిడి8 అనే ప్రోటీన్ ఉన్న టి-కణాలకు (రోగాన్ని ఎదుర్కొనే తెల్లరక్త కణాల్లో ఒక రకం) మాత్రమే చేరవేసే లెంటివైరల్ వెక్టర్, అంటే జన్యువును మోసుకెళ్లేలా మార్చిన వైరస్, చేయాలని నీ కోరిక. మామూలుగా వాడే విఎస్‌వి-జి తొడుగు పక్కనే, సిడి8ని పట్టుకునే యాంటీబాడీ ముక్క ఒకటి కొక్కెంలా తగిలించి, ల్యాబులో పెంచే జర్కాట్ అనే కణాల మీద వేసి, అవి పచ్చగా మెరిస్తే చాలా అని అడిగావు. మీ గైడ్ మాత్రం ఏఏవి అనే ఇంకో వైరస్ వెక్టర్ మేలు అంటున్నారు.

ముందు కష్టమైన మాట చెప్పేస్తాను. జర్కాట్ మీద సిడి8 ఉండదు. అదీ టి-కణమే, కానీ సిడి4 వైపుది. లేని గుమ్మం తట్టి రమ్మని వైరస్‌ను పంపుతున్నావన్నమాట. ఒకవేళ పచ్చగా మెరిసినా అది నీ యాంటీబాడీ గొప్పతనం కాదు, విఎస్‌వి-జి చేసిన పని. మోల్ట్-4 అనే టి-కణాల లైన్ మీద సిడి4, సిడి8 రెండూ ఉంటాయి. అది తెప్పించుకో. జర్కాట్‌ను పారేయకు, దానికి ఈ ప్రాజెక్టులో ఇంకా పెద్ద ఉద్యోగం ఉంది.

ఇక అసలు విషయం. లెంటివైరల్ వెక్టర్ హెచ్‌ఐవి-1 నుంచి వచ్చిందని నీకు తెలుసు. లోపలి సరుకు, దాన్ని డిఎన్ఏగా మార్చి క్రోమోజోములో కూర్చోబెట్టే యంత్రాంగం హెచ్‌ఐవికి చెందినవి. పైన వేసే తొడుగు మాత్రం మన ఇష్టం. ముప్ఫై ఏళ్లుగా అందరూ వేసే తొడుగు విఎస్‌వి-జి. అది పశువులకూ గుర్రాలకూ నోట్లో పొక్కులు తెప్పించే వైరస్‌ది. గట్టిది, సెంట్రిఫ్యూజులో తిప్పి చిక్కబరిచినా చెడదు, టైటర్, అంటే పనిచేసే రేణువుల లెక్క, బాగా వస్తుంది. దాని చెడ్డ గుణం కూడా అక్కడే ఉంది. అది పట్టుకునేది ఎల్‌డిఎల్ రిసెప్టర్‌ని. రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లోపలికి తీసుకోవడానికి ఒంట్లో దాదాపు ప్రతి కణం వాడుకునే తలుపు అది. ఈ సంగతి బయటపడింది 2013లో. అప్పటిదాకా వాడుతున్న వాళ్లం వాడుతూనే ఉన్నాం, ఏ తలుపో సరిగ్గా తెలియకుండానే.

వెనకటికి మన ఆర్టీసీ వాళ్లు 'చెయ్యి ఎత్తండి, బస్సు ఎక్కండి' అన్నారు గుర్తుందా? విఎస్‌వి-జి ఆ పల్లెవెలుగు బస్సు. నువ్వు చేయబోతున్నది ఏమిటంటే, ఆ బస్సు ముందు అద్దానికి 'తిరుమల' అని బోర్డు తగిలించడం. బోర్డు మారింది సరే, డ్రైవర్ మారలేదు కదా. రేణిగుంటలో ఒకరు చెయ్యెత్తినా ఆపుతాడు, కరకంబాడిలో ఎత్తినా ఆపుతాడు. కొత్త కొక్కెం తగిలించే ముందు పాత కొక్కెం విరగ్గొట్టాలి. ఈ రంగంలో దాన్ని తొడుగును గుడ్డిది చేయడం అంటాం. మీ ప్రపోజల్లో ఆ పేరా లేదు. నిజానికి ప్రాజెక్టంతా ఆ పేరాలోనే ఉంది.

ఎలా విరగ్గొట్టాలి? ఇక్కడ కొంచెం నిదానంగా చదువు. తొడుగు ప్రోటీన్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, కణాన్ని పట్టుకోవడం. రెండు, వైరస్ పొరనూ కణం పొరనూ కలిపేసి సరుకును లోపలికి దించడం. విఎస్‌వి-జిలో ఈ రెండూ ఒకే ప్రోటీన్ చేస్తుంది. అందుకే చాలాకాలం దాని జోలికి ఎవరూ పోలేదు, ఒకటి చెడగొడితే రెండోది కూడా పోతుందేమోనని భయం. 2018లో దాని నిర్మాణాన్ని ఎల్‌డిఎల్ రిసెప్టర్‌తో అతుక్కుని ఉన్న స్థితిలో చూశాక తేలింది, పట్టుకోవడానికి ముఖ్యమైనవి రెండే అమైనో ఆమ్లాలని: 47వ స్థానంలో లైసిన్, 354వ స్థానంలో ఆర్జినిన్. ఈ రెండూ మారిస్తే పట్టు పోతుంది, కలిపే శక్తి మిగులుతుంది. అప్పుడు నీ యాంటీబాడీ ముక్కను విఎస్‌వి-జికే అతికించనక్కర్లేదు. దానికి పొరలో నాటుకునే తోక ఒకటి పెట్టి విడిగా తయారుచేస్తే, రెండూ ఒకే వైరస్ రేణువు మీద పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. పట్టుకునేది ఒకటి, దించేది ఇంకొకటి.

ఇంతకంటే పాత దారి తట్టు వైరస్‌ది. అందులో ప్రకృతే పని విడగొట్టి పెట్టింది. హెచ్ ప్రోటీన్ పట్టుకుంటుంది, ఎఫ్ ప్రోటీన్ కలుపుతుంది. జర్మనీలో లాంగెన్ ఊళ్లోని పౌల్ ఎర్లిష్ సంస్థ వాళ్లు హెచ్‌లో నాలుగు చోట్ల మార్పులు చేసి దాని సొంత రిసెప్టర్లను మరిపించి, చివర ఒక యాంటీబాడీ ముక్కనో, డార్పిన్ అనే చిన్న ప్రోటీన్‌నో అతికించారు. ఒక చిన్న కిటుకు కూడా ఉంది. హెచ్ తోకలో 18, ఎఫ్ తోకలో 30 అమైనో ఆమ్లాలు కత్తిరించకపోతే ఈ ప్రోటీన్లు లెంటివైరస్ రేణువులో ఇమడవు. ఆ కత్తిరింపు తెలియక, ప్లాస్మిడ్ (జన్యువును మోసే గుండ్రటి డిఎన్ఏ) తప్పేమో, సీరం తప్పేమో అని నెలలు పోగొట్టుకున్న వాళ్లను చూశాను.

తట్టు దారిలో ఒక చిక్కు మనకు మరీ ఎక్కువ. మన దగ్గర తొమ్మిది నెలలకు ఒకటి, ఏడాదిన్నర అటూఇటూ ఇంకొకటి తట్టు టీకా వేస్తారు. కాబట్టి నీ ఒంట్లో, నా ఒంట్లో ఆ హెచ్ ప్రోటీన్‌ను గుర్తుపట్టి అడ్డుకునే యాంటీబాడీలు సిద్ధంగా ఉన్నాయి. ప్లేటులో అద్భుతంగా పనిచేసిన వెక్టర్ రక్తంలోకి వెళ్లగానే చిత్తవుతుంది. అందుకే అదే బృందం తర్వాత నిపా వైరస్ ప్రోటీన్లకు మారింది. జి పట్టుకుంటుంది, ఎఫ్ కలుపుతుంది, అదే పద్ధతి. ఇక్కడ వాళ్లు గమనించిన ఒక విషయం నీకు పనికొస్తుంది. నిపా తొడుగు వాడినప్పుడు కొక్కెం ఎక్కడ పట్టుకుందన్నది ముఖ్యం. కణం పొరకు దగ్గరగా పట్టుకుంటే సరుకు దిగుతుంది, రిసెప్టర్ కొసన ఎక్కడో పట్టుకుంటే వేలాడుతూ ఉండిపోతుంది. అంటే బలంగా అతుక్కునే యాంటీబాడీ దొరికినంత మాత్రాన మంచి కొక్కెం దొరికినట్టు కాదు. నువ్వు మాత్రం నిపా వైపు వెళ్లకు. ఇక్కడ వాడేది రెండు ప్రోటీన్ల జన్యువులే, వైరస్ కాదు. కానీ 2018లో కోళికోడ్‌లో జరిగింది ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఆ పేరు కాగితం మీద కనిపిస్తే మీ బయోసేఫ్టీ కమిటీకి అర్థం చేయించేలోగా నీ సెమిస్టర్ అయిపోతుంది.

ఇప్పుడు జర్కాట్ ఉద్యోగం. టార్గెటింగ్ అనే మాటకు రుజువు, వెక్టర్ ఎవరికి చేరిందన్నది కాదు, పక్కనే ఉన్నా ఎవరికి చేరలేదన్నది. మోల్ట్-4నూ జర్కాట్‌నూ ప్లేటులోని ఒకే బావిలో (గుంటలో) సగం సగం కలుపు. వెక్టర్ వెయ్యి. తర్వాత సిడి8 యాంటీబాడీ రంగు వేసి, కణాలను ఒక్కొక్కటిగా రంగు చూసి లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్లో చూడు. సిడి8 ఉన్న గుంపులో పచ్చదనం, లేని గుంపులో చీకటి కనిపించాలి. వేర్వేరు బావుల్లో చేస్తే, ఒకదానికి వైరస్ కాస్త ఎక్కువ పడిందేమో అని పరీక్షకు వచ్చినాయన అడుగుతాడు, నీ దగ్గర జవాబు ఉండదు. పక్కనే మామూలు విఎస్‌వి-జి వెక్టర్‌తో ఇదే మిశ్రమం చెయ్యి. అందులో రెండు గుంపులూ పచ్చబడాలి. గుడ్డిది చేసిన తొడుగు, కొక్కెం లేకుండా, ఇంకొక బావి. అందులో ఏదీ పచ్చబడకూడదు. మరొక బావిలో సిడి8ని పట్టుకునే విడి యాంటీబాడీని ముందే పోసి తలుపు మూసెయ్యి. దానికోసం నీ కొక్కెం పట్టే చోటునే పట్టే యాంటీబాడీ కావాలి. పచ్చదనం తగ్గితే నీ వెక్టర్ ఆ తలుపులోంచే వెళ్తోందన్నమాట.

నా సొంత గొడవ ఒకటి చెబుతాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఒక ల్యాబులో, ఇలాంటి కొక్కెం వెక్టర్ చేసి రెండో రోజు మైక్రోస్కోపు కింద పెడితే ప్లేటంతా పచ్చ. రాత్రి పదిన్నరకు అందర్నీ లేపి చూపించాను. స్వీట్లు కూడా పంచాను. వారం తిరిగేసరికి పచ్చదనం దాదాపు మాయం. జరిగింది ఏమిటంటే, వెక్టర్ తయారుచేసిన 293టి కణాల్లో పుట్టిన జిఎఫ్‌పి ప్రోటీనే రేణువులతో పాటు కొట్టుకొచ్చి ఈ కణాలకు అంటుకుంది. కొంత మిగిలిపోయిన ప్లాస్మిడ్ కూడా వచ్చింది. జన్యువు ఏదీ చేరలేదు. దీన్ని దొంగ ట్రాన్స్‌డక్షన్ అనుకో, జన్యువు చేరకుండానే చేరినట్టు కనిపించడం. అది పట్టుకోవడానికి రెండు దారులు. మూడో రోజు చూసిన కణాలనే పదో రోజు, పదిహేనో రోజు కూడా చూడు. నిజంగా క్రోమోజోములో కూర్చున్న జన్యువైతే కణం విడిపోయినా పోదు. రెండోది ఇంకా తేలిక. జిడోవుడిన్ కలిపిన బావి ఒకటి పెట్టు. మన ఏఆర్‌టి సెంటర్లలో హెచ్‌ఐవికి ఇచ్చే మందే. అది ఆర్ఎన్ఏను డిఎన్ఏగా మార్చే ఎంజైమును ఆపుతుంది, నీ వెక్టర్‌లో ఉన్నదీ అదే ఎంజైము. మందు వేసినా పచ్చగానే ఉందంటే అది దొంగ పచ్చ. స్వీట్లు ఈ బావి చూశాక కొను.

ఎంత వైరస్ వెయ్యాలి అన్నది కూడా అడిగావు. ఎక్కువ వేస్తే ఎంత గుడ్డి తొడుగైనా ఎక్కడో ఒకచోట అంటుకుంటుంది, నీ టార్గెటింగ్ చెడ్డగా కనిపిస్తుంది. కణానికి సగటున ఒక రేణువు చొప్పున వేస్తే లెక్క ప్రకారం 63 శాతం కణాలకే చేరుతుంది, చాలా వాటికి రెండు మూడు పడతాయి. సగటు 0.3 దగ్గర ఉంచితే 26 శాతం పచ్చబడతాయి, వాటిలో ఎక్కువ భాగం ఒక్క ప్రతితో ఉంటాయి. ఆ దరిదాపులు దాటనివ్వకు. టైటర్ కూడా పి24 అనే వైరస్ ప్రోటీన్‌ను కొలిచి చెప్పకు, అది చచ్చిన రేణువులను కూడా లెక్కపెడుతుంది. కణాల మీద వేసి కొలిచిన టైటరే టైటర్. కొక్కెం వెక్టర్ల టైటర్ విఎస్‌వి-జి కంటే తక్కువే వస్తుంది, దానికి టెన్షన్ పడకు. ఇంకో మాట, వెక్టర్‌ను చిన్న చిన్న గొట్టాల్లో పంచి పెట్టుకో. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టిస్తే ప్రతిసారీ కొంత చస్తుంది. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు డీప్ ఫ్రీజర్ తలుపు తెరవొద్దని చీటీ రాసి అంటించు. నవ్వకు, నిజంగానే అంటించు.

రక్తంలోంచి తీసిన నిజమైన టి-కణాలు వాడాలనే ఆశ నీ చివరి పేరాలో ఉంది. మొదటి నాలుగు నెలలు వద్దు. ఊరికే పడుకుని ఉన్న టి-కణం మీద ఎల్‌డిఎల్ రిసెప్టర్ చాలా తక్కువ, కాబట్టి నువ్వు పోల్చి చూడాల్సిన విఎస్‌వి-జి వెక్టరే వాటిలోకి సరిగా వెళ్లదు. సిడి3, సిడి28ని తట్టే పూసలతో లేపి, ఐఎల్-2 పోసి పెంచాలి. ఆ ఖర్చు ఎం.ఎస్సీ. ప్రాజెక్టు భరించదు.

మీ గైడ్ చెప్పిన ఏఏవి సంగతి. ఆయన మాటలో పస లేకపోలేదు, కానీ నీ ప్రశ్నకు అది జవాబు కాదు. ఏఏవిలో 4.7 కిలోబేసులకు మించి పట్టదు, లెంటివైరస్‌లో దాదాపు రెట్టింపు పడుతుంది. జిఎఫ్‌పికి ఆ తేడా లెక్కలోది కాదు. అసలు తేడా ఏమిటంటే ఏఏవి సరుకు సాధారణంగా క్రోమోజోములో కూర్చోదు. కాలేయ కణం, కండరం లాంటివి పెద్దగా విడిపోవు కాబట్టి వాటిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. టి-కణం పని దొరికితే రోజుల్లో వందలుగా విడిపోతుంది, మజ్జిగలో నీళ్లు పోసుకుంటూ పోయినట్టు సరుకు పలచబడిపోతుంది. టి-కణాల్లో ఏఏవి-6కు గొప్ప పేరు వచ్చింది వేరే పనికి. క్రిస్పర్‌తో క్రోమోజోమును కోసి, ఆ గాటులో కొత్త జన్యువును అతికించడానికి నమూనాగా దాన్ని వాడతారు. 2017లో కార్ (క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా టి-కణానికి పెట్టే కృత్రిమ రిసెప్టర్) జన్యువును టి-కణ రిసెప్టర్ జన్యువు చోటనే కూర్చోబెట్టింది అలాగే. గైడ్‌తో వాదన పెట్టుకోకుండా ఈ పేరా చూపించు, చాలు.

కొక్కెం ఒక్కటే కాపలా కాదని కూడా ప్రపోజల్లో రాయి. తలుపు దాటాక లోపల ఇంకో కాపలా పెట్టొచ్చు, అదే ప్రమోటర్, జన్యువు ఏ కణంలో పనిచేయాలో తేల్చే స్విచ్చు. దీనికి ఎక్కడో అమెరికా ఉదాహరణ అక్కర్లేదు. చిత్తూరు దాటితే వచ్చే వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో హీమోఫీలియా-ఎ (ఫ్యాక్టర్-8 లోపంతో రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురికి చేసిన జన్యు చికిత్స ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. మన వైపు ఏ ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినా బస్సెక్కేది ఆ ఊరికే కదా. అక్కడి డాక్టర్లు వాళ్ల రక్త మూలకణాలను బయటికి తీసి, లెంటివైరల్ వెక్టర్‌తో ఫ్యాక్టర్-8 జన్యువు పెట్టి, తిరిగి ఎక్కించారు. జన్యువు మూలకణంలో ఉంటుంది, కానీ దాని ముందున్నది సిడి68 ప్రమోటర్. ఆ మూలకణం నుంచి మోనోసైట్లు, మాక్రోఫేజ్‌ల లాంటివి పుట్టినప్పుడే అది గట్టిగా పనిచేస్తుంది. అంటే చేరవేసింది ఒక కణానికి, పనిచేయించింది దాని సంతానంలో ఒక శాఖ చేత. ఇమ్యూన్ కణాలకు గురిపెట్టడం అంటే ఇది కూడా గురే. ఆ పేపరు తప్పకుండా చదువు.

మిగతా ఇమ్యూన్ కణాల గురించి రెండు ముక్కలు. సోకిన కణాలను చంపే ఎన్‌కె కణాలు విఎస్‌వి-జికి సరిగా లొంగవు, వాటికి బబూన్ కోతి రెట్రోవైరస్ తొడుగు బాగా పనిచేస్తుంది. మాక్రోఫేజ్‌ల్లో తలుపు దాటినా లోపల సామ్‌హెచ్‌డి1 అనే ఎంజైము డిఎన్ఏ కట్టడానికి కావలసిన ఇటుకలనే అరగదీసి పెడుతుంది. అక్కడ కొక్కెం ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. ఆ కథ నీ ప్రాజెక్టుకు అనవసరం, వైవాలో అడిగితే చెప్పడానికి ఉంచుకో.

'కొంచెం పక్క కణాలకు చేరితే ఏమవుతుంది సార్' అని మీ బ్యాచ్‌లో ఎవరో అన్నారని రాశావు. ఒక్క కణం చాలు. 2018లో వచ్చిన ఒక కేసు ఉంది. లుకేమియా ఉన్న ఒకరికి కార్-టి, అంటే కార్ పెట్టిన టి-కణాలు, తయారుచేస్తున్నప్పుడు, టి-కణాల మధ్య కలిసిపోయిన ఒకే ఒక్క క్యాన్సర్ బి-కణంలోకి కూడా ఆ కార్ జన్యువు వెళ్లిపోయింది. కార్-టి కణాలు వెతికేది సిడి19 అనే ప్రోటీన్‌ను; ఆ కణం తన పైనున్న సిడి19ని తనకు వచ్చిన కార్‌తోనే కప్పేసుకుంది. దాంతో మిగతా కార్-టి కణాలకు అది కనబడలేదు. దాని సంతానంతోనే జబ్బు తిరగబెట్టింది, ఆ మనిషి దక్కలేదు. అక్కడ వాడింది గురి లేని తొడుగు. ఇక క్రోమోజోములో ఎక్కడ పడితే అక్కడ కూర్చోవడం వల్ల వచ్చే ప్రమాదం వేరు. పుట్టుకతో ఇమ్యూనిటీ లేని పిల్లలకు పారిస్, లండన్ నగరాల్లో పాతతరం రెట్రోవైరస్‌తో చేసిన రెండు ట్రయల్స్‌లో 20 మందిలో ఐదుగురికి లుకేమియా వచ్చింది. ఇప్పటి వెక్టర్లలో చివరి ఎల్‌టిఆర్ (వైరస్ జన్యువు కొసన ఉండే భాగం) ప్రమోటర్‌ను కత్తిరించేది ఆ అనుభవం చూశాక ఇంకా పట్టుదలగా పాటించిన పద్ధతే. నీ ప్లాస్మిడ్ అలా కత్తిరించినదేనా అని మ్యాప్ తెరిచి చూసుకో.

ఈ పనికి ఇప్పుడు ఇంత గిరాకీ ఎందుకో కూడా తెలుసుకో. ఇప్పటి కార్-టి అంటే రోగి రక్తం తీసి, కణాలను ల్యాబులో మార్చి, పెంచి, తిరిగి ఎక్కించడం. మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వాళ్ల పనిలోంచి పుట్టిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. విదేశీ ధరతో పోలిస్తే చాలా తక్కువే. అయినా పలమనేరు టమాటా రైతు ఇంటికి అది అందే ధర కాదు. వెక్టర్‌నే నరంలోకి ఎక్కించి, ఒంట్లోనే టి-కణాలను వెతుక్కుని మార్చమంటే ఆ ల్యాబు ఖర్చంతా పోతుంది. సిడి8 కొక్కెం వెక్టర్‌తో ఎలుకల్లో 2018లో చేసి చూపించారు. 2025లో చైనాలోని వుహాన్ నుంచి మల్టిపుల్ మైలోమా ఉన్న నలుగురికి ఇలా నేరుగా ఎక్కించిన ఫలితం వచ్చింది. నలుగురంటే నలుగురే, దాన్ని పట్టుకుని ఎగరక్కర్లేదు. కానీ అక్కడ వెక్టర్ ఒంట్లో కోట్లాది కణాల పక్కనుంచి వెళ్లాలి. నీ బావిలో జర్కాట్ పక్కనుంచి వెళ్లగలదో లేదో అన్నదే ఆ పరీక్షకు చిన్న నమూనా.

కాబట్టి ప్రాజెక్టును కోసి చిన్నది చెయ్యి. గుడ్డి విఎస్‌వి-జి, విడిగా నాటిన సిడి8 కొక్కెం, రెండే కణాల లైన్లు, నేను చెప్పిన బావులు. బయోసేఫ్టీ కమిటీ దరఖాస్తు ఈ వారమే పెట్టించు. హెచ్‌ఐవి పేరున్న ప్లాస్మిడ్లు కాబట్టి ప్రశ్నలు వస్తాయి. పిల్ల వైరస్‌లు పుట్టకుండా జన్యువులను వేర్వేరు ప్లాస్మిడ్లుగా విడగొట్టామని మొదటి పేజీలోనే రాయి. ఫ్లో సైటోమీటర్ మీ కాలేజీలో లేదన్నావు. ఏర్పేడు దగ్గర ఐసర్, ఐఐటీ రెండూ ఉన్నాయి. నువ్వు మెయిల్ పెడితే ఎవరూ చూడకపోవచ్చు, గైడ్ చేత ఫోన్ చేయించు.

మోల్ట్-4 కణాలు రాగానే వెక్టర్ సంగతి తలపెట్టకముందే ఒక పని చెయ్యి. సిడి8 రంగు వేసి ఎన్ని కణాల మీద నిజంగా ఉందో చూడు. పాసేజీలు ఎక్కువైన లైన్లలో అది తగ్గిపోయి ఉండొచ్చు. ఆ హిస్టోగ్రాం, నీ తొడుగు ప్లాస్మిడ్ మ్యాపు రెండూ పంపించు. 47, 354 స్థానాల్లో ఏముందో ముందు చూద్దాం.